సిలికా జెల్‌ని వేడి చేస్తే బాగవుతుందా, పాడవుతుందా?

కొత్త షూస్ పెట్టెలో, మందుల డబ్బాలో ఒక చిన్న పొట్లం కనిపిస్తుంది కదా, "డోంట్ ఈట్" అని రాసి ఉంటుంది. అదే సిలికా జెల్. కెమెరా లెన్స్‌లకి బూజు పట్టకుండా చాలామంది వీటిని దాచుకుంటారు. తేమ పట్టిన జెల్‌ని వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. ఇది మీకూ తెలిసే ఉంటుంది. మరి ఎంత వేడి చేయాలి? ఎక్కువ వేడి చేస్తే ఇంకా బాగా ఎండి, ఇంకా ఎక్కువ తేమ లాగాలి కదా? అలా జరగదు. ఎందుకో చూద్దాం.

పేరులో జెల్ అని ఉన్నా ఇవి గట్టి గుళికలు. ఇసుకలో ఉండే సిలికానే, కాకపోతే లోపలంతా రెండు మూడు నానోమీటర్ల వెడల్పుండే రంధ్రాలు. ఒక్క గ్రాము జెల్‌లో ఆ రంధ్రాల గోడలన్నీ కలిపితే దాదాపు 650 చదరపు మీటర్లు ఉంటాయి. అంటే ఐదు కబడ్డీ కోర్టులంత! నీటి అణువులు వచ్చి ఈ గోడలకే అంటుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటాం.

గోడ నీటిని ఎలా పట్టుకుంటుంది? గోడ మీద సిలికాన్ పరమాణువులకి ఓహెచ్ గుంపులు అతికి ఉంటాయి. వీటి పేరు సిలనాల్స్. హైడ్రోజన్ బంధంతో నీటిని పట్టుకునే చేతులు ఇవే అనుకోండి. రష్యన్ శాస్త్రవేత్త జురావ్లెవ్ 100 సిలికా నమూనాల లెక్కలు తీస్తే, ఒక చదరపు నానోమీటరుకి సగటున సుమారు 5 సిలనాల్స్ ఉన్నాయని తేలింది.

ఇప్పుడు వేడి పెంచుకుంటూ వెళ్దాం. 120 డిగ్రీల దగ్గర గోడకి అంటుకున్న నీరు ఆవిరైపోతుంది, సిలనాల్స్ మాత్రం అలాగే ఉంటాయి. చేతులన్నీ ఖాళీ అయ్యాయి, జెల్ మళ్ళీ రెడీ. డిగ్రీ ల్యాబ్‌లో టీఎల్‌సీ ప్లేట్లని 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టేది కూడా ఇందుకే.

200 డిగ్రీలు దాటితే కథ మారుతుంది. పక్కపక్కనున్న రెండు సిలనాల్స్ కలిసిపోయి, ఒక నీటి అణువుని బయటికి వదిలేసి, సిలోక్సేన్ అనే వంతెనగా మారతాయి. చేతులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటే ఇక నీటిని పట్టుకునేదెవరు? పైగా సిలోక్సేన్‌కి నీరంటే పడదు. 400 డిగ్రీలకి సిలనాల్స్ దాదాపు సగమైపోతాయి. అక్కడిదాకా ఫర్వాలేదు, తేమ తగిలితే చాలావరకు ఆ వంతెనలు మళ్ళీ తెరుచుకుంటాయి. ఇంకా పైకి వెళ్తే తిరిగి రావడం కష్టం. 800 డిగ్రీలకి చదరపు నానోమీటరుకి ఒక్క సిలనాల్ కూడా మిగలదు, ఇంకా వేడి చేస్తే రంధ్రాలే మూసుకుపోతాయి. అప్పుడు జెల్ పూర్తిగా ఎండే ఉంటుంది, కానీ దానికి దాహం ఉండదు.

మరి ఇంట్లో ఏం చేయాలి? స్టవ్ మీద పెనంలో వేయించకండి. అడుగున వేడి ఎంత పెరిగిందో తెలియదు, పొట్లం కవరు కూడా కరగొచ్చు. తెల్ల గుళికలైతే ఓవెన్ ట్రేలో పల్చగా పరిచి, 120 డిగ్రీల్లో గంట, రెండు గంటలు ఉంచండి. మధ్యలో తూకం వేసి చూడండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే పని అయిపోయినట్టే. వెంటనే గాజు సీసాలో వేసి మూత పెట్టండి, లేకపోతే చల్లారేలోపే గాలిలో తేమ లాగేసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త! నీలం నుంచి గులాబీకి మారే గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది ఒంటికి మంచిది కాదు, కాబట్టి వాటిని వంట ఓవెన్‌లో పెట్టొద్దు.

మీ దగ్గరున్న పొట్లం ఏ రంగుదో కామెంట్‌లో చెప్పండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!