పరిశోధక పట్టము – స్వతంత్ర బుద్ధి



శాస్త్రములయందు డాక్టరు పట్టము పొందుట యనగా మఱికొన్ని గ్రంథములు చదివి పరీక్షలో నెగ్గుట యని మనలో పెక్కురు తలంచుచున్నారు. అది సరి గాదు. అంతవఱకు విద్యార్థి యితరుల ప్రశ్నలకు బదులు చెప్పును. ఇచ్చట ప్రశ్నను తానే కనుగొనవలెను.

గణాంకశాస్త్రజ్ఞులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలో పనిచేసి, 1946లో కేంబ్రిడ్జి కేగిరి. సూడాను దేశమున జెబెల్ మోయాలో త్రవ్వితీసిన ప్రాచీనుల యెముకల కొలతలను పరిశీలించుట వారి కప్పగింపబడిన పని. ఫిషరు పండితుడు గురువగుట కంగీకరించెను గాని, పరిశోధన విషయమును శిష్యుడే యెన్నుకొనవలెనని నియమించెను. రావుగారు జీవుల వర్గీకరణమునందలి గణిత సమస్యలను చేపట్టి, 1948లో పట్టము వడసిరి.

గురువు దారి చూపుటతో చాలదు. తగిన కాలమున చేయి విడువవలెను. ప్రయోగము చెడినపుడు హేతువును వెదకుట, తన ఫలితమును తానే మొదట శంకించుట, పరీక్షకుల యాక్షేపములకు సమాధానము చెప్పుట – ఇవియే యీ శిక్షణమున కంగములు. పూర్వపక్షమును గెలువని సిద్ధాంతము సిద్ధాంతము గాదని మన శాస్త్రములును జెప్పుచున్నవి గదా!

దీనికి సంవత్సరములు పట్టును. కావున విద్యార్థివేతనము లొసంగు పెద్దలు "చదువెప్పుడు ముగియును? జీతమెంత వచ్చును?" అని మాత్రమే యడుగక, "ఏ ప్రశ్నను చేపట్టితివి నాయనా? ఏమి కనుగొంటివమ్మా?" అని యడుగవలెనని నా ప్రార్థన.