జాషువ గారి తొలినాళ్లు
(తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనమందిరములలో మేము చేసిన ప్రసంగము)



జాషువ మహాకవిని గూర్చి ప్రసంగింప నిలుచున్నప్పుడెల్ల ఒక మాట మాకు వినవచ్చుచున్నది. కష్టములే ఆయనను కవిని గావించినవట! తెనాలిలో సభ ఆరంభము కాకమునుపే ఒక పెద్దమనుష్యుడు మాతో ఈ మాటయే యనిరి. వినుటకు ఇంపుగానే యున్నది. కాని కొట్టినవానిని విడిచిపెట్టి దెబ్బకు దండవేయుట న్యాయస్థానమున చెల్లదు.

వారు 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమాంబగారు అరుంధతీయ కులమువారు. క్రైస్తవ కుటుంబము. బడిలో తోడి పిల్లలే కాదు, పంతుళ్లు సైతము కులము పేరెత్తి హేళన చేసిరి. బాలుడు సహింపక, తిట్టినవారిని తిరిగి కొట్టినాడు. ఇది చదివినప్పుడు మాకు సంతోషము కలిగినదని దాచనేల?

1910లో మేరీగారితో వివాహమైనది. పిమ్మట పల్లెబడిలో కొలువు. జీతము నెలకు 3 రూపాయలు. బాపట్ల సోదరులకు 1913వ సంవత్సరము గర్వకారణము. ప్రథమాంధ్ర మహాసభ ఆ యేట మీ పట్టణముననే జరిగినది. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాట అచట చర్చకు వచ్చినది. నాడు ఆ గుంటూరు జిల్లాలోనే, పదునెనిమిదవ యేట నున్న ఈ ఆంధ్రుడు కడుపు నింపుకొను దారి వెదకుకొనుచుండెను. పల్లెబడి కొలువు పోగా రాజమహేంద్రవరము చేరి, 1915–16లలో సినిమా వాచకుడైనాడు. తెరమీది బొమ్మలు మూగవి. వానికి ఈయన గొంతు అరువిచ్చినాడు. తరువాత గుంటూరు లూథరను ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు పనిచేసిరి.

ఆకలి యొకటియే యైన ఓర్చుకొనవచ్చును. వినుకొండలో ఒక అవధానసభయందు ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని లోనికేల రానిచ్చితిరని కొందరు నిందించిరి. అవధానము వినవచ్చినవారు నిరక్షరులు కారుగదా! ఛందస్సు రుచి యెరిగినవారు, మనవంటివారు. ఇక క్రైస్తవ మతపెద్దలు, హిందూ గాథలు వ్రాయుచున్నాడని కుటుంబమునంతను వెలివేసిరి. గుడి రానీయదు, చర్చి ఉండనీయదు. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యమున శివునికి సందేశము మోయుటకు హంసనో మేఘమునో గాక గబ్బిలమునేల పిలిచిరో దీనినిబట్టి తెలియును: గుడిలోనికి పోవుటకు దానికి అడ్డులేదు.

తరువాత సత్కారములకు కొదవలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయముగా గండపెండేరము తొడిగిరి. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణము వచ్చినవి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసిరి.

రేపల్లెలో ప్రసంగము ముగిసినపిదప వెనుకబల్లమీది విద్యార్థి యొకడు లేచి, “అయ్యా, ఆ వినుకొండ సభలో మీరుండిన, ఆయన పక్షమున లేచి మాటాడియుందురా?” అని యడిగెను. ఇరువది యేండ్లుగా కోర్టులలో బదులు చెప్పుటయే వృత్తిగా గల మేము వెంటనే పలుకలేకపోతిమి. ఆ ప్రశ్నను పాఠకుల యెదుట ఉంచుచున్నాము.