డిస్కులో బూటు భాగానికి ఎంత చోటు వదలాలి?

(మురమళ్ళలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల గురించి మాట్లాడక కంప్యూటరు డిస్కుల గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. బకాయిల సంగతి నాకన్నా బాగా చెప్పగల కార్యదర్శిగారు ఉన్నారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చిన దగ్గర నుంచి మనం బతికున్నామని రుజువు చేసుకోవడానికి కూడా కంప్యూటరో, సెల్‌ఫోనో దగ్గర పెట్టుకోవలసి వస్తున్నది. మన ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లు చాలావరకు పిల్లలు కొత్తవి కొనుక్కుని మనకు వదిలిపెట్టినవి. వాటిలోనే మనవల ఫోటోలు, బ్యాంకు కాగితాలు, పెన్షన్ లెక్కలు అన్నీ ఉన్నాయి. అందుకని ఈ విషయం మనవి చేయదలచుకున్నాను.

2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కి 5034441 నంబరు అప్‌డేట్ ఒకటి విడుదల చేశారు. బిట్‌లాకర్ అనే డిస్కు తాళాన్ని పక్కదారిన తప్పించుకుని లోపలికి పోగల లొసుగును పూడ్చడం దాని పని. మంచిదే. అయితే అది ఎక్కాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. ఎన్నో కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తమే 500 ఎంబీ, అదీ ముప్పాతిక నిండి ఉన్నది. అప్‌డేట్ ఎక్కలేదు. తెర మీద వచ్చిన సందేశం చోటు చాలలేదని కూడా చెప్పలేదు, ఏదో అంకెల కోడు చూపించి ఊరుకుంది. మనలో ఒక మిత్రుడు తన కంప్యూటరు షాపుకు తీసుకువెళితే ‘డిస్కు పోయింది, మార్చాలి’ అన్నారట. చూడబోతే డిస్కు నిక్షేపంగా ఉంది. సి డ్రైవులో 300 జీబీ ఖాళీ ఉంది!

300 జీబీ ఖాళీ పెట్టుకుని 250 ఎంబీకి కరువు ఎందుకు వచ్చింది? నేను ఇరిగేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక ఏటిగట్టు లెక్కలో చెప్పడం నాకు సులువు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ తరువాత గట్లు పెంచవలసి వచ్చినప్పుడు అసలు ఇబ్బంది మట్టి కాదు. వాలు ఒకటికి రెండు చొప్పున ఉన్న గట్టును ఒక్క మీటరు పెంచాలంటే అడుగున నాలుగు మీటర్ల వెడల్పు అదనంగా కావాలి. ఆ నాలుగు మీటర్లు గట్టును ఆనుకునే ఉండాలి. అమలాపురంలో నాలుగెకరాలు ఇస్తామన్నా ఇక్కడి గట్టుకు పనికిరావు. గట్టు కిందనేమో అప్పటికే ఒకరి పెంకుటిల్లు, ఇంకొకరి కొబ్బరిచెట్లు.

పార్టిషన్ కూడా అంతే. అది డిస్కు మీద ఒకే వరుసలో ఉండే చెక్క. పెరగాలంటే దాని పక్కనే ఖాళీ ఉండాలి. ఇందులో మరో మెలిక ఉంది. సి డ్రైవును కుదించాలంటే విండోస్ దాన్ని తోకవైపు నుంచే కుదిస్తుంది. పెరడు తగ్గించుకోవచ్చు గాని వీధి గుమ్మం వెనక్కి జరపలేమన్నట్టు. రికవరీ పార్టిషన్ సి డ్రైవుకు వెనుక ఉంటే పని జరుగుతుంది. పాత పద్ధతిలో ముందు ఉంటే, పెరట్లో ఎంత చోటు ఖాళీ చేసినా దానికి అందదు. అందుకే మైక్రోసాఫ్ట్ వారే దాన్ని విండోస్ పార్టిషన్ వెనువెంటనే పెట్టమని చెబుతున్నారు.

ఈ బూటు భాగం పెరగడం ఈనాటిది కాదు. 1983లో డాస్ 2.0తో హార్డుడిస్కు విభజన వచ్చినప్పుడు కంప్యూటరును లేపే మొదటి ప్రోగ్రాముకు ఇచ్చిన చోటు ఒక్క సెక్టారు, అంటే 512 బైట్లు. అందులో పార్టిషన్ పట్టికకు 64, గుర్తుకు 2 పోగా మిగిలినవి 446 బైట్లు. ఒక కార్డు ముక్క మీద రాసే ఉత్తరమంత! మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ గనుక మధ్యలో సుమారు 31 కేబీ బీడుగా పడి ఉండేది. లినక్స్ వారి గ్రబ్ అనే బూట్ లోడర్ ఆ బీడులో కాపురం పెట్టింది. కొన్నాళ్ళకు రకరకాల ఫైల్ సిస్టములు, రెయిడ్, ఎన్‌క్రిప్షన్ అన్నీ అర్థం చేసుకోవలసి వచ్చేసరికి దానికి ఆ 31 కేబీ కొన్ని చోట్ల చాలలేదు. విస్టా కాలం నుంచి మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టారుకు జరపడంతో ఒక ఎంబీ దొరికి ఊపిరి పీల్చుకుంది. ఆ జరపడం గ్రబ్ కోసం కాదు, డిస్కు వేగం కోసం. అయినా మేలే జరిగింది.

విండోస్ 7 బూటుకు 100 ఎంబీ కేటాయించింది. విండోస్ 8 నాటికి అది 350, విండోస్ 10లో 500 అయింది. లినక్స్‌లో ఫెడోరా వారు చాలాకాలం 1 జీబీ ఇచ్చి, 2025లో 43వ వెర్షన్‌తో 2 జీబీ చేశారు. గ్రాఫిక్స్ చిప్పుల ఫర్మ్‌వేర్ బరువెక్కడం, పాత కెర్నల్‌ను కూడా రక్షణకు ఉంచుకోవలసి రావడం కారణాలు. ఎవరి అంచనా చూసినా ఆనాటికి సరిపోయిందే, తరువాత చాలకపోయిందే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11 పట్టని పాత యంత్రాలకు పిల్లలో, మెకానిక్కులో లినక్స్ ఎక్కించి పెడుతున్నారు. అసలు చోటు విషయం అడగవలసింది అప్పుడే, డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు. నా లెక్క ఇది: ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు 1 జీబీ, లినక్స్ బూటుకు 2 జీబీ, విండోస్ కూడా ఉంటే రికవరీకి 1 జీబీ, అదీ సి వెనుక. మొత్తం 4 జీబీ. 500 జీబీ డిస్కులో నూటికి ఒక వంతు కూడా కాదు. మెకానిక్కు ‘అంత అక్కర్లేదు సార్, వేస్టు’ అంటాడు. అననివ్వండి. గట్టు మీద ఫ్రీబోర్డు కూడా వరద రాని ఏడు వేస్టుగానే కనిపిస్తుంది.

ఇప్పటికే ఇరుకుగా ఉన్నవారు మాత్రం తొందరపడి చెయ్యి పెట్టవద్దు. పార్టిషన్లు జరుపుతుండగా కరెంటు పోతే ఉన్నది కూడా పోతుంది, మన కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. ముందు ఫోటోలు, కాగితాలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగు నిండుగా ఉండాలి. బిట్‌లాకర్ ఉన్నదేమో చూసుకుని దానిని తాత్కాలికంగా ఆపండి. దాని రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది. దాన్ని అదే కంప్యూటరులో దాచుకుంటే ప్రయోజనం లేదు గనుక కాగితం మీద రాసి, పి.పి.ఓ. ఉన్న ఫైలులోనే పెట్టుకోండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.