నల్ల తెర నుంచి వేలికొస దాకా
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. జీతాల సెక్షన్‌లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయితే మనిషి కంప్యూటర్‌కు పని చెప్పే పద్ధతి నా కళ్ల ముందే మారుతూ వచ్చింది. ప్రతిసారీ తిప్పలు పడ్డాను కనుక ఆ సంగతే మనవి చేస్తాను.

మొదటిది డాస్. నల్లని తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉండేది. ఏం చేయాలో అది చెప్పదు, మనమే చెప్పాలి. డి.ఐ.ఆర్. అని కొడితే ఫైళ్ల జాబితా వచ్చేది. ఒక్క అక్షరం తప్పితే 'బ్యాడ్ కమాండ్' అని కసిరేది, అచ్చం మా పాత హెడ్ గుమాస్తాగారిలాగే. 1991లో ఒక సాయంత్రం డెల్ అని కొట్టి పక్కన నక్షత్రం, చుక్క, నక్షత్రం పెట్టాను. అంటే అన్నీ తీసెయ్యమని. 'ఖాయమేనా?' అని అడిగింది. ఖాయమే అన్నాను. నెల బకాయి బిల్లులన్నీ పోయాయి! రెండు రాత్రులు రిజిస్టర్లు ముందేసుకుని మళ్లీ ఎక్కించాము.

తరువాత బొమ్మల పద్ధతి. మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించారు. మా బల్లల మీదికి మాత్రం విండోస్ 95తోనే వచ్చింది. కంఠతా పట్టనక్కరలేదు, బొమ్మను గుర్తుపడితే చాలు. తీసేసిన ఫైలు చెత్తబుట్టలో ఉండేది. ఆ బుట్ట నాలుగేళ్లు ముందే వచ్చి ఉంటే!

ఇప్పుడు సెల్‌ఫోన్. మా మనవరాలికి నాలుగో ఏటే వచ్చేసింది, నాకు డెబ్బై తొమ్మిదో ఏట కూడా రావడం లేదు. తెలివి తక్కువై కాదు, చెయ్యి వణుకుతుంది. డాస్‌లో తప్పు కొట్టినా ఎంటర్ నొక్కేదాకా ఏమీ జరగదు, చదివి దిద్దుకోవచ్చు. మౌస్ బాణం ఎక్కడుందో చూసుకుని నొక్కేవాళ్లం. ఫోనులో వేలు తగలడమే ఆజ్ఞ.

ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపే వీలు 2021 నవంబరులో వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయినవారికి మేలే. నిరుడు నేను పంపబోతే, చివర్లో వేలు వణికి పక్కదానికి తగిలి మూడుసార్లు మొదటికొచ్చింది. నాలుగోసారి అయిందనుకున్నాను. డిసెంబరు పెన్షన్ ఆగాక గాని తెలియలేదు. ప్రమాణ్ ఐడీ నెంబరు చేతికి రానిదే పని అయినట్టు కాదని అప్పుడు నేర్చుకున్నాను.

కొన్ని ఫోన్లలో, సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనే చోట, వేలు కాసేపు ఆనించి ఉంచితేనే పనిచేసే ఏర్పాటు ఉంది. నాకెవరూ చెప్పలేదు, మనవరాలు వెతికి పెట్టింది. ఈ నవంబరులో సంఘం గదిలో బల్ల వేసుకుని కూర్చుంటాను. చెయ్యి వణికేవారు ఫోను తెచ్చుకోండి. కళ్లజోడు మరిచిపోకండి. సెలవు.