ఇంటి కొయ్యపనికి తగిన రంపపు బ్లేడు
(గ్రామ వృత్తిపనివారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మంచపు పట్టె విరిగినను, దూడల కొట్టమునకు తలుపు కావలసినను వడ్రంగి కొరకు ఎదురుచూడక స్వయముగా చేసికొనువారు మన పల్లెలలో నేడు అనేకులున్నారు. చేతితో పట్టుకొని నడుపు కరెంటు కోత మరలు దగ్గరి పట్టణపు దుకాణములలోనే దొరకుచున్నవి. మరను కొనునపుడు పదిమందిని విచారించెదము. బ్లేడు విషయమున మాత్రము దుకాణదారు చేతికిచ్చినది తెచ్చుకొందుము. కోత బాగోగులు, కోయువాని చేతుల క్షేమము చాలవరకు ఆ బ్లేడు మీదనే ఆధారపడి యున్నవి గనుక, ఈ దినము దానిని గూర్చియే మీతో ముచ్చటింప దలచినాము.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. పండ్లు ఎంత ఎక్కువగా నున్న అంత మంచి బ్లేడని మేమును చాలకాలము నమ్మితిమి. ఏడంగుళముల మరకు 60 పండ్ల బ్లేడును బిగించి, అంగుళమున్నర మందముగల టేకు పలకను నిలువున చీల్చబూనితిమి. జానెడు కోయకమునుపే పొగ వచ్చెను. కోత అంచులు నల్లగా మాడెను. మర మూలుగసాగెను. దోషము మోటారుదే యని యెంచి దానిని బాగుచేయువాని యొద్దకు మోసికొని పోతిమి. అతడు విప్పిచూచి, మోటారు నిక్షేపముగా నున్నదని చెప్పి, బ్లేడు వంక చూచి నవ్వినాడు. పిమ్మట 24 పండ్ల బ్లేడును బిగించి అదే పలకను కోయగా పొగలేదు, మూలుగు లేదు.

దీనికి కారణము తెలిసికొనదగినది. రెండు పండ్ల నడుమ ఒక గుంట యుండును. పంటి మొన చెక్కిన పొట్టు కొయ్యను దాటి బయట పడువరకు ఆ గుంటలోనే నిలువవలెను. నార వెంబడి నిలువున చీల్చునపుడు పొట్టు పొడవుగా, దండిగా వచ్చును. పండ్లు దగ్గర దగ్గరగా నున్నచో గుంటలు చిన్నవై వెంటనే నిండిపోవును. ఆ పొట్టు కోత గోడలను రాచుకొని వేడెక్కును. మా టేకు పలక మాడినది అందువలననే. నారకు అడ్డముగా కోయునపుడు సంగతి వేరు. అచ్చట నార నీటుగా తెగవలెను, లేనిచో పేళ్లు లేచిపోవును. కనుక అడ్డుకోత పండ్లు దగ్గరగా, కత్తిమొనవలె ఏటవాలుగా సానబట్టబడి యుండును. నిలువుకోత పండ్లు ఉలి అంచువలె చదునుగా నుండును. పాతతరపు వడ్రంగులకు ఇది కొత్త కాదు. వారి సంచిలో రెండు మూడు రంపములు ఉండెడివి. చేతిరంపమైనచో నిలువుకోతకు అంగుళమునకు 5, 6 మొనలు, అడ్డుకోతకు 8 మొదలు 10 వరకు, తలుపు చట్రపు అతుకులవంటి సన్నపనికి 12 లేక అంతకు పైన ఉన్నవి తగును.

ఏడంగుళముల కరెంటు మరకు 24 పండ్లది చీల్చుటకును, 60 పండ్లది ప్లైవుడ్డును అడ్డముగా కోయుటకును తగియుండును. ఒక్కటే కొనగలవారు 40 పండ్లది కొనవచ్చును. అది రెండు పనులను చేయును, దేనిని మిక్కిలి చక్కగా చేయదు. ఇంటి అవసరములకు అంతమాత్రము చాలునని మా అభిప్రాయము.

ఇక కొయ్య సంగతి. టేకు ముట్టుకొన్నచో మెత్తగా తోచును గాని, దానియందు ఇసుకలోనుండు సిలికా కొంత కలదు. అందుచేత మామూలు ఉక్కు పండ్లు త్వరగా మొద్దుబారును. టేకు, నల్లతుమ్మ తరచుగా కోయువారు మొనలకు టంగ్‌స్టన్ కార్బైడు అతికిన బ్లేడునే కొనవలెను. ధర హెచ్చైనను అది ఉక్కుదానికంటె చాలకాలము పదునుగా నుండును. ఒక చిక్కు కలదు: ఉక్కు పండ్లను మూడు పలకల ఆకురాయితో ఇంటివద్దనే పదును పెట్టుకొనవచ్చును, కార్బైడు మొనలపై ఆకురాయి పనిచేయదు, వజ్రపు పొడి పూసిన చక్రమే కావలెను. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికివంటి తేలిక కొయ్యకు ఇంత బలమైన మొనలు అక్కరలేదు, పదునైన ఉక్కు చాలును. పెరటి వేపను కొట్టి పచ్చిగానే కోయువారు మరియొకటి గమనింపవలెను. పచ్చికొయ్య నార ఉబ్బి రంపమును పట్టివేయును. చేతిరంపపు పండ్లను అటొకటి ఇటొకటిగా మరికొంచెము వంచుకొన్నచో కోత వెడల్పై రంపము ఆడును. ఎండిన కొయ్యకు అంత వంపు వృథా.

వెడల్పు అనుటతో ఒక లెక్క గుర్తు వచ్చినది. బ్లేడు మూడు మిల్లీమీటర్ల వెడల్పున కొయ్యను పొట్టుచేయుననుకొనుడు. ఒక టేకు పలకను ఎనిమిది మారులు చీల్చినచో 24 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక అంగుళము టేకు, నేలపాలైనది. పలుచని బ్లేడుతో ఈ నష్టము తగ్గును. అయితే మందపు తుమ్మ దిమ్మెలో పలుచని బ్లేడు వణికి, గీత తప్పును. టేకు ధర తెలిసినవారు పలుచనిది, బండి సామాను చేయువారు మందమైనది కోరుకొనుట న్యాయమే.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ప్రతి మంచి బ్లేడు మీదను అది నిమిషమునకు ఎన్ని చుట్లవరకు తిరుగవచ్చునో ముద్రించి యుండును. మర మీదను దాని చుట్ల సంఖ్య యుండును. మర సంఖ్య బ్లేడు సంఖ్యను మించరాదు. 7,000 అని యున్న బ్లేడును 8,500 చుట్లు తిరుగు పెద్ద గ్రైండరుకు బిగించిన యెడల, పండ్లను ఊడబెరుకు బలము దాదాపు ఒకటిన్నర రెట్లగును. ఊడిన కార్బైడు మొన తుపాకి గుండువలె వచ్చును. సంఖ్య ముద్రింపని బ్లేడు ఎంత చవుకైనను కొనవలదు.

ఇనుమును కోయు చేతి గ్రైండరుకు కొయ్య బ్లేడు తగిలించు అలవాటు పల్లెలలో ప్రబలినది. మాకు తెలిసిన ఒక యువకుడు, బ్లేడు పట్టుటకు అడ్డముగా నున్నదని రక్షణకప్పును తీసివేసి, పశువుల పాకకు తుమ్మ వాసమును ఇట్లే కోయుచుండెను. కోత మూసికొని బ్లేడును బిగబట్టినది. గ్రైండరు అతని చేతినుండి ఎగిరి ఎడమచేతి మీద పడినది. రెండు వ్రేళ్లు పోయినవి. చిన్న గ్రైండరు నిమిషమునకు 11,000 చుట్లు తిరుగును; కొయ్యపై ఆనించుటకు దానికి పీఠము లేదు. చుట్ల సంఖ్య సరిపోయినను అది కొయ్యపనికి చేసిన మర కాదు. దానికి తగిన కొయ్య బ్లేడేదియు లేదని భావింపుడు.

కొయ్య మరతోనైనను కోత మూసికొనుట జరుగును. పొడవుపలకను చీల్చునపుడు మరను ఆపి, వెనుకకోతలో సన్నని చెక్క చీలను దూర్చినచో సందు తెరచియుండును. కత్తివేట్ల దూలములను చీల్చు పాతకాలపు కోతపనివారి ఉపాయమే ఇది. భుజము మీది తువ్వాలు తీసి ఆవల పెట్టుడు. తిరుగు బ్లేడు దగ్గర చేతితొడుగులు వేసికొనవలదు, వాటిని పట్టి చేతిని లోనికి లాగును. కంటికి అద్దములు తప్పనిసరి.

బ్లేడు నడిమి రంధ్రము మర ఇరుసుకు సరిగా పట్టవలెను. వదులుగా నున్నదని రేకుముక్క చుట్టుటయు, పట్టలేదని ఆకురాయితో పెద్దది చేయుటయు రెండును ప్రమాదములే. బ్లేడుపై బాణపు గుర్తును మరపై బాణముతో సరిచూచి బిగింపుడు. చేతిమరలో పండ్లు క్రిందినుండి పైకి కోయును గనుక పేళ్లు పైవైపున లేచును; పలక మంచి ముఖమును క్రిందికి పెట్టుడు. బల్లమీద బిగించిన మరలో పండ్లు పైనుండి దిగును, అచ్చట మంచి ముఖము పైకి.

కోత మందగించినంతనే బ్లేడు అరిగినదని పారవేయవలదు. మరను ఆపి, తీగ ఊడదీసి, పండ్లను చూడుడు. వేప జిగురు, టేకు మైనము గట్టిగా అంటుకొని యున్నను కోత సాగదు. బ్లేడును విప్పి గోరువెచ్చని సబ్బునీటిలో నానవేసి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి కొంచెము నూనె రాయుడు. అప్పటికిని కోయనిచో పదును పెట్టింపుడు. ఒక్క మొన ఊడినను, సన్నని బీట కనబడినను ఆ బ్లేడును మరల మరకు ఎక్కింపక, మరొకరు ఎక్కింపకుండునట్లు వంచివేసి పాత ఇనుములో వేయుడు.