హాజరు పిలవండి మాస్టారూ



నౌకాదళంలో పనిచేసి రిటైరైన నాకు, హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ చూసినప్పుడు మన బడి హాజరుపట్టీ గుర్తొచ్చింది.

1941 డిసెంబరు 7న జపాన్ విమానాల దాడిలో అక్కడ అరిజోనా అనే యుద్ధనౌక మునిగిపోయింది. అందులో 1,177 మంది చనిపోయారు. చాలామంది దేహాలు నేటికీ ఆ ఓడలోనే ఉన్నాయి. దానికి పైగా కట్టిన స్మారకంలో పాలరాతి గోడ మీద అందరి పేర్లూ చెక్కారు. ఇప్పటికీ నూనె చుక్కలు నీటిపైకి తేలుతుంటాయి. అటుగా వెళ్లే యుద్ధనౌకల మీద నావికులు వరుసగా నిలబడి సెల్యూట్ చేస్తారు.

నన్ను కదిలించింది మరొకటి. ఆనాడు ప్రాణాలతో బయటపడి, ఎన్నో ఏళ్ల తర్వాత కన్నుమూసిన కొందరి అస్థికలను, వారి కోరిక మేరకు, ఈతగాళ్లు తీసుకెళ్లి ఆ ఓడలోనే చేర్చారు. ఒకే మెస్సులో తిని, వంతులవారీగా కాపలా కాసిన స్నేహితుల దగ్గరికే వాళ్లు తిరిగి వెళ్లారు.

మన బ్యాచ్‌లో అయిదుగురు ఈ స్వర్ణోత్సవం చూడకుండానే వెళ్లిపోయారు. మాస్టారూ, మా పాత హాజరుపట్టీ ఒక్కసారి చదవండి. వాళ్ల పేర్లు వచ్చినప్పుడు మేమందరం లేచి నిలబడి ‘ప్రెజెంట్ సార్’ అంటాం.