నడక మారితే కాలు, నడవడి మారితే?



“మామగారు ఇదివరకు ఇలా ఉండేవారు కాదండీ, ఈమధ్యే నోటికి అదుపు లేకుండా పోయింది.” ఇలాంటి మాట మనం ఇరుగుపొరుగు ఇళ్ళలో వింటూనే ఉంటాం. ముసలితనపు చాదస్తమని ఒకరంటారు, కోడలంటే గిట్టక అని ఇంకొకరంటారు. కాలు విరిగితే నడక మారుతుందని మనకు తెలుసు. మెదడుకు దెబ్బ తగిలితే నడవడి మారుతుందని మాత్రం తోచదు.

దీన్ని లోకానికి తెలియజెప్పిన ఒక మనిషి కథ వినండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఫినియాస్ గేజ్ అనే పాతికేళ్ళ యువకుడు రైలుమార్గం వేసే కూలీలకు మేస్త్రీగా ఉండేవాడు. 1848 సెప్టెంబరు 13న, బండరాయిలో తొలిచిన రంధ్రంలో మందు కూరుతుండగా అది కాస్తా పేలింది. చేతిలోని ఇనుపకడ్డీ, 3 అడుగుల 7 అంగుళాల పొడవు, సుమారు 6 కిలోల బరువు ఉన్నది, ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తి మీదుగా దూసుకుపోయింది. ఆశ్చర్యమేమిటంటే, కొద్ది నిమిషాలకే అతను మాట్లాడాడు! ఎడ్లబండిలో కూర్చునే ఊళ్ళోకి వెళ్ళాడు. హార్లో అనే డాక్టరు వైద్యం చేసి బతికించారు.

ఎడమ కంటిచూపు పోయింది గాని మాట, నడక, జ్ఞాపకం నిలిచాయి. మారింది స్వభావం. బుద్ధిమంతుడు, పనిమంతుడు అని పేరున్నవాడు నోటికొచ్చినట్లు తిట్టడం, ఏ నిర్ణయం మీదా నిలబడకపోవడం మొదలుపెట్టాడు. ఎంతో మెచ్చుకున్న యజమానులే మళ్ళీ ఆ పని ఇవ్వలేదు. ఇదంతా హార్లో 1868లో వివరంగా రాశారు.

కారణమేమిటంటారా? నుదుటి వెనకనున్న మెదడు భాగం మనకు పగ్గం వంటిది. కోపం వచ్చినా “ఇప్పుడు కాదు, నలుగురిలో కాదు” అని ఆపేది అదే. పాలు పొంగబోతుంటే మంట తగ్గించే చెయ్యి అనుకోండి. ఆ చెయ్యి పడిపోతే పాలు పొంగక ఏం చేస్తాయి?

అయితే గేజ్ కథ అక్కడితో ఆగలేదు. 1852లో చిలీ దేశం వెళ్ళి, కొన్నేళ్ళపాటు గుర్రపుబండి తోలాడు. రోజూ ఒక క్రమంలో సాగే ఆ పనివల్ల అతను చాలావరకు కుదుటపడి ఉంటాడని ఇటీవలి పరిశోధకులు భావిస్తున్నారు. 1860లో మూర్ఛలు వచ్చి కన్నుమూశాడు.

ఇక మన ఇళ్ళ సంగతి. పక్షవాతం, తలకు దెబ్బ, మెదడులో గడ్డ, ఇవన్నీ స్వభావాన్ని మార్చగలవు. డిమెన్షియాలో ఒక రకం జ్ఞాపకశక్తి చెడకముందే ప్రవర్తనను చెడగొడుతుంది. అది 65 ఏళ్ళు నిండకుండానే రావచ్చు కూడా. అలాగని ప్రతి దురుసుతనమూ జబ్బు కాదండోయ్! మొదటినుంచీ నోటి దురుసు ఉన్నవారికి ఇది సాకు కాకూడదు. ఉన్న మనిషి ఉన్నట్టుండి మారాడా, అన్నదే చూడవలసింది.

మార్పు ఎప్పుడు మొదలైందో, ఏమేం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసి, సిగ్గుపడకుండా నరాల డాక్టరుకు చూపించండి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రోగితో వాదన పెట్టుకోకండి. తిండీ నిద్రా రోజూ ఒకే వేళకు జరిగేటట్లు చూడండి.

చివరగా ఒక్క మాట. జబ్బని తెలిసినంత మాత్రాన తిట్లు పడేవారికి బాధ ఉండదని కాదు, ఉంటుంది. కాబట్టి కొడుకులూ కూతుళ్ళూ కూడా వంతులు వేసుకుని కూర్చోవాలి. “సర్దుకోవమ్మా” అని కోడలికి చెప్పి ఊరుకుంటే రోగికీ మేలు లేదు, ఆమెకూ మేలు లేదు.

సెలవు.